అదే ఏడాది, అదే దేశం: 54వ ర్యాంకు 38 ఎలా అయింది?

పర్యాటక రంగంలో ఏ దేశం ఎక్కడుందో చెప్పే జాబితా ఒకదాన్ని వరల్డ్ ఎకనామిక్ ఫోరం కొన్నేళ్ళకోసారి విడుదల చేస్తుంది. 2021 జాబితాలో భారత్‌ది 54వ స్థానం. 2024 జాబితాలో 39వ స్థానం. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా పదిహేను మెట్లు ఎక్కినట్టే కనిపిస్తుంది. కానీ 2024లో మార్కులు వేసే పద్ధతిని కొంత మార్చారు. కొత్త పద్ధతిలో 2021 లెక్కను మళ్ళీ వేస్తే అప్పటి ర్యాంకు 54 కాదు, 38 అని తేలింది. ఆ లెక్కన 2024 నాటికి ఒక మెట్టు దిగినట్టు. 2021లో ఉన్న హోటళ్ళు అవే, విమానాశ్రయాలు అవే, కొండలూ సముద్రతీరాలూ అవే. మారింది కొలబద్ద ఒక్కటే.

ఇందులో మోసమేమీ లేదు. పద్ధతి మార్చామని వాళ్ళే చెప్పారు, పాత ర్యాంకును వాళ్ళే సరిచేసి ఇచ్చారు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఏడాది మారకుండా, దేశం మారకుండా పదహారు స్థానాలు అటూ ఇటూ అయ్యే అంకె అసలు దేన్ని కొలుస్తోంది? జ్వరం ఎంతుందో థర్మామీటరు చెబుతుంది. దేశాల పోటీ సామర్థ్యానికి అలాంటి పరికరం లేదు. ఎగుమతులు కొలుస్తాం, ధరలు కొలుస్తాం, వచ్చిన మనుషుల్ని లెక్కపెడతాం, వ్యాపారుల అభిప్రాయాలు అడుగుతాం. వీటిలో ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. అన్నిటికీ కలిపి 'పోటీతత్వం' అని ఒకే పేరు పెట్టేయడంతో వస్తుంది చిక్కంతా.

దేశాలు నిజంగా పోటీ పడతాయా?

వింత ప్రశ్నలా ఉన్నా, ఆర్థికవేత్తలు దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. 1990లో మైకేల్ పోర్టర్ దేశాల పోటీ సామర్థ్యాన్ని ఓ సిద్ధాంతంగా నిలబెట్టాడు. నైపుణ్యాలు, గిరాకీ, అనుబంధ పరిశ్రమలు, కంపెనీల మధ్య ఒరిపిడి కలిస్తేనే ఒక దేశం ఒక రంగంలో ముందుంటుందన్నాడు. నాలుగేళ్ళకు పాల్ క్రుగ్మన్ ఈ మాట మీదే విరుచుకుపడ్డాడు. కంపెనీ ఓడిపోతే మూతపడుతుంది, దేశం మూతపడదు కదా అన్నది ఆయన వాదన. రెండు కూల్‌డ్రింకు కంపెనీల్లో ఒకటి ఎక్కువ అమ్మితే రెండోది తక్కువ అమ్ముతుంది. పొరుగు దేశం బాగుపడితే మాత్రం మన సరుకు కొనేవాళ్ళు పెరుగుతారు, మనకు కావలసినవి చవగ్గా దొరుకుతాయి. దేశానికి అసలైన కొలత ఉత్పాదకత, అదీ ఇంట్లో తేలాల్సిన లెక్క అని ఆయన ఉద్దేశం.

దీని మూలం 1817లో డేవిడ్ రికార్డో వేసిన చిన్న లెక్కలో ఉంది. నిర్ణీత పరిమాణంలో బట్ట నేయడానికి ఇంగ్లండులో ఏడాదికి 100 మంది కావాలి, పోర్చుగల్‌లో 90 మంది చాలు. ద్రాక్షసారాకు ఇంగ్లండులో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది. రెండింట్లోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా పోర్చుగల్ తన మనుషుల్ని సారా మీద పెట్టి, బట్టను ఇంగ్లండు నుంచి తెచ్చుకుంటేనే ఇద్దరికీ లాభం. పోర్చుగల్‌కు రెండూ బాగానే వచ్చు, కానీ సారా మరీ బాగా వచ్చు. ఇంగ్లండు రెండింట్లోనూ వెనకే, కానీ బట్టలో తక్కువ వెనకబడింది. ఈ ఉదాహరణలో 'ఎవరు నంబర్ వన్' అని అడిగితే పోర్చుగల్ అనాలి. 'ఎవరు ఏం అమ్మాలి' అని అడిగితే జవాబు వేరు. నేటి ర్యాంకుల జాబితాలు మొదటి ప్రశ్నకు జవాబిస్తాయి. వాణిజ్యం నడిచేది రెండో దాని మీద.

పర్యాటకంలో మాత్రం క్రుగ్మన్ వాదన పూర్తిగా అతకదనిపిస్తుంది నాకు. సెలవులున్నది ఒకటే వారం. ఆ వారం స్పెయిన్‌లో గడిపినవాడు గ్రీసులో లేనట్టే. కాకపోతే దీనికీ మినహాయింపుంది. దూరదేశం నుంచి యూరప్ వచ్చినవాడు ఒక్క వీసాతో నాలుగు దేశాలు తిరుగుతాడు. అప్పుడు పారిస్ గొప్పతనం పక్కనున్న బెల్జియానికీ కలిసొస్తుంది.

ఎగుమతులు ఏం చెబుతాయి

రికార్డో లెక్కను నేరుగా కొలవడం కుదరదు. ఏ వస్తువుకు ఏ దేశంలో ఎంత శ్రమ పడుతుందో ఎవరి దగ్గరా పట్టికలు ఉండవు. హంగరీలో పుట్టిన ఆర్థికవేత్త బేలా బలాషా 1965లో ఒక అడ్డదారి చూపించాడు. కారణాల జోలికి పోవద్దు, ఫలితం చూద్దాం అన్నాడు. ఒక దేశం ఏది ఎక్కువగా అమ్మగలుగుతోందో అందులో దానికి ఏదో ఆధిక్యత ఉండే ఉంటుంది కదా. లెక్క సులువు. దేశం మొత్తం ఎగుమతుల్లో ఆ వస్తువు వాటా ఎంతో చూడాలి. ప్రపంచం మొత్తం ఎగుమతుల్లో అదే వస్తువు వాటా ఎంతో చూడాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఫలితం 1 దాటితే ఆ వస్తువులో ఆ దేశానికి ఆధిక్యత ఉన్నట్టు, 1 కన్నా తక్కువైతే లేనట్టు.

బంగ్లాదేశ్‌ను తీసుకోండి. దాని సరుకుల ఎగుమతుల్లో రెడీమేడ్ దుస్తులే 80 శాతానికి పైన. ప్రపంచ సరుకుల వాణిజ్యంలో దుస్తుల వాటా 2 శాతం పైచిలుకు. భాగిస్తే 30 దాటిపోతుంది. ఇప్పుడు చైనా లెక్క వేద్దాం. ప్రపంచ దుస్తుల ఎగుమతుల్లో చైనాది దాదాపు మూడో వంతు, అంటే బంగ్లాదేశ్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే ప్రపంచ సరుకుల ఎగుమతులన్నిటిలో చైనా వాటా 14 శాతం దాకా ఉంది, ఫోన్ల నుంచి యంత్రాల దాకా అన్నీ అమ్ముతుంది కాబట్టి. అందుకని దుస్తుల్లో బలాషా లెక్క ప్రకారం దానికి వచ్చేది 2 చుట్టుపక్కల మాత్రమే. దీన్ని చూసి దుస్తుల్లో చైనా కన్నా బంగ్లాదేశ్ పదిహేను రెట్లు గొప్పది అంటే తప్పు. ఆ అంకె బలాన్ని చెప్పదు, ఒకేదాని మీద ఎంతగా ఆధారపడిందో చెబుతుంది. 30 అన్న అంకెను మెచ్చుకోలుగానూ చదవొచ్చు, హెచ్చరికగానూ చదవొచ్చు. దుస్తుల ఆర్డర్లు ఆగిపోయిన రోజున ఆ దేశానికి పట్టుకోవడానికి రెండో కొమ్మ లేదని కూడా అదే చెబుతోంది.

ఈ పద్ధతికి ఇంకో బలహీనత ఉంది. ఎగుమతి జరిగిందని చూస్తుందే తప్ప ఎందుకు జరిగిందో అడగదు. ఒకప్పుడు యూరోపియన్ యూనియన్ ప్రపంచంలో పెద్ద చక్కెర ఎగుమతిదారుల్లో ఒకటి. అక్కడ చక్కెర తీసేది బీట్ దుంపల నుంచి, ఖర్చు ఎక్కువ. చెరకు పండించే బ్రెజిల్ చాలా చవగ్గా తీయగలదు. అయినా యూరప్ అమ్మగలిగిందంటే కారణం సబ్సిడీలు, లోపల కాపాడి పెట్టిన ధరలు. బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 2005లో తుది తీర్పు యూరప్‌కు వ్యతిరేకంగా వచ్చింది. 2006లో సంస్కరణలు మొదలయ్యాక అదే యూరప్ చక్కెరను దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. నేల మారలేదు, రైతు మారలేదు. అంతకుముందు ఎగుమతుల లెక్కల్లో కనిపించిన 'ఆధిక్యత' పొలంలోది కాదు, ఖజానాలోది.

మూడో చిక్కు ఇంకా లోతైనది. ఒక వస్తువు ఒక దేశం రేవు నుంచి బయటికి పోయినంత మాత్రాన అది ఆ దేశం తయారుచేసినట్టా? 2009లో చైనా నుంచి అమెరికాకు వెళ్ళిన ఐఫోన్‌ను ఇద్దరు పరిశోధకులు విప్పి చూసినట్టు లెక్క వేశారు. ఫ్యాక్టరీ ఖర్చు సుమారు 179 డాలర్లు. అందులో చైనాలో జరిగింది భాగాల్ని జోడించడం, దానికి పడింది 6 డాలర్ల 50 సెంట్లు. మిగతాదంతా జపాన్, జర్మనీ, కొరియా, అమెరికా వగైరా దేశాల్లో తయారైన భాగాల ఖరీదు. కస్టమ్స్ పుస్తకాల్లో మాత్రం 179 డాలర్లూ చైనా ఎగుమతే. ఈ గొడవ తీర్చడానికే ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి), ప్రపంచ వాణిజ్య సంస్థ కలిసి 2013 నుంచి 'ఎవరెంత విలువ జోడించారు' అన్న లెక్కల్ని విడిగా ప్రచురిస్తున్నాయి. రేవుల మీద బతికే సింగపూర్, హాంకాంగ్ లాంటి చోట్ల ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ ఎగుమతుల విలువ జీడీపీని కూడా మించిపోతుంది. సరుకు దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, ఎగుమతుల పద్దులో పడుతుంది.

చవకగా ఉండటం గొప్పేనా?

వ్యాపారిని అడిగితే పోటీ అంటే ధర అంటాడు. దేశాల ధరల్ని పోల్చడానికి ఎక్కువగా వాడేది 'వాస్తవ ప్రభావిత మారకపు రేటు'. పేరు చూసి భయపడక్కర్లేదు. ఒక దేశం కరెన్సీని ఒక్క డాలరుతో కాకుండా, తాను వ్యాపారం చేసే దేశాలన్నిటి కరెన్సీలతో పోలుస్తారు. ఎవరితో ఎక్కువ వ్యాపారం ఉంటే వాళ్ళకు ఎక్కువ బరువిస్తారు. తర్వాత ధరల పెరుగుదలను సర్దుతారు. కరెన్సీ 5 శాతం పడిపోయినా, ఇంట్లో ధరలు బయటకన్నా 5 శాతం ఎక్కువగా పెరిగితే విదేశీ కొనుగోలుదారుకు ఒరిగేదేమీ ఉండదు. ఈ సూచీ పెరిగితే దేశం ఖరీదైనట్టు, తగ్గితే చవకైనట్టు.

దీన్ని చూసి 'సూచీ తగ్గించుకుంటే ఎగుమతులు పెరుగుతాయి' అని తేల్చేయొచ్చు. ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ 1978లో ఈ నమ్మకం మీద నీళ్ళు పోశాడు. యుద్ధానంతర దశాబ్దాల గణాంకాలు తీసి చూస్తే జపాన్, జర్మనీల్లో ఉత్పత్తి ఖర్చులు పోటీదారులకన్నా వేగంగా పెరిగాయి, ప్రపంచ మార్కెట్లో వాటి వాటా కూడా పెరిగింది. పోటీదారులతో పోలిస్తే ఖర్చులు తగ్గుతూ వచ్చిన అమెరికా, బ్రిటన్ల వాటా తగ్గింది. దీన్ని కాల్డర్ వైరుధ్యం అంటారు. కొనేవాడు ధర ఒక్కటే చూడడు, నాణ్యత చూస్తాడు, సమయానికి అందుతుందా అని చూస్తాడు, రిపేరు వస్తే పట్టించుకునే నాథుడున్నాడా అని చూస్తాడు. సరుకుకు గిరాకీ ఉంటే జీతాలు పెరుగుతాయి, కరెన్సీ బలపడుతుంది. ఖరీదు కావడం ఇక్కడ ఓటమి కాదు, గెలుపు తెచ్చిన ఫలితం.

పర్యాటకంలోనూ ఇదే కనిపిస్తుంది. వరల్డ్ ఎకనామిక్ ఫోరం 2019 పర్యాటక జాబితాలో ధరల విభాగం వరకు చూస్తే ప్రపంచంలో మొదటి స్థానం ఇరాన్‌ది. అన్నీ కలిపిన జాబితాలో అదే ఇరాన్ 89వ స్థానంలో ఉంది. అంతకుముందు 2007 నుంచి 2013 దాకా ప్రతి జాబితాలోనూ మొత్తం మీద ఒకటో స్థానం స్విట్జర్లాండ్‌ది, ధరల్లో దానిది దాదాపు చివరి వరుస. అలాగని ధరకు విలువే లేదని కాదు. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరోతో తమ ఫ్రాంకుకు పెట్టుకున్న హద్దును ఎత్తేసింది. ఫ్రాంకు నిమిషాల్లో పైకి లేచింది. జర్మనీ, నెదర్లాండ్స్ నుంచి కొండలకు వచ్చే పాత అలవాటుదారులు తర్వాతి సీజన్లలో బాగా తగ్గారు. కొండ అదే, మంచు అదే, బిల్లు మాత్రం వేరు.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఐస్‌లాండ్‌ది. 2008 అక్టోబరులో అక్కడి మూడు పెద్ద బ్యాంకులు వారం తిరక్కుండా కూలిపోయాయి. అక్కడి కరెన్సీ క్రోనా విలువ యూరోతో పోలిస్తే సుమారు సగానికి పడింది. జనం దాచుకున్న డబ్బు కరిగింది, అప్పులు మోపెడయ్యాయి. అప్పటిదాకా యూరప్‌లో అతి ఖరీదైన దేశాల్లో ఒకటిగా పేరున్న ఐస్‌లాండ్ ఒక్కసారిగా అందుబాటులోకి వచ్చింది. 2010 ఏప్రిల్‌లో అగ్నిపర్వతం పేలి, బూడిద వల్ల యూరప్‌లో రోజుల తరబడి విమానాలు ఆగిపోయాయి. ఆ వార్తలతో ఆ దేశం ప్రపంచమంతా టీవీల్లో కనబడింది. చవక టికెట్ల విమాన సంస్థలు వచ్చాయి. 2010లో 5 లక్షలకు కాస్త తక్కువగా ఉన్న విదేశీ సందర్శకులు 2018 నాటికి 23 లక్షలయ్యారు. దేశ జనాభా చూస్తే మూడున్నర లక్షలు.

ఇంతమంది డబ్బు తెచ్చి ఖర్చుపెడితే ఏమవుతుంది? క్రోనా మళ్ళీ బలపడింది, ముఖ్యంగా 2016లో. దేశం మళ్ళీ ఖరీదైంది, పర్యాటకుల పెరుగుదల నెమ్మదించింది. చేపలు ఎగుమతి చేసేవాళ్ళ చేతికి, అదే చేపకు తక్కువ క్రోనాలు రావడం మొదలైంది. ఒక రంగంలో గెలుపు ఇంకో రంగాన్ని నొక్కేసింది. గతంలో నెదర్లాండ్స్‌లో గ్యాస్ దొరికాక అక్కడి ఫ్యాక్టరీలకు జరిగింది కూడా ఇలాంటిదే. దాన్నే డచ్ వ్యాధి అంటారు. ఇప్పుడు చెప్పండి, 2009లో ఐస్‌లాండ్ పోటీ సామర్థ్యం పెరిగిందా? ధరల సూచీని అడిగితే బ్రహ్మాండంగా పెరిగింది అంటుంది. అక్కడి మనిషిని అడిగితే ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు.

టూరిస్టును లెక్కపెట్టడం

ఎవరికి ఎక్కువమంది వచ్చారన్నది చూడటానికి తేలికైన ప్రశ్న. 2023లో ఫ్రాన్స్‌కు సుమారు 10 కోట్ల మంది వచ్చారు, ప్రపంచంలో మొదటి స్థానం. అమెరికాకు వచ్చింది 6 కోట్ల 60 లక్షల మంది. ఇక డబ్బు చూస్తే, ఫ్రాన్స్‌కు సుమారు 69 బిలియన్ డాలర్లు, అమెరికాకు సుమారు 176 బిలియన్ డాలర్లు. తలకు లెక్కేస్తే ఫ్రాన్స్‌లో దాదాపు 700 డాలర్లు, అమెరికాలో 2,600 దాటింది. అంటే అమెరికా వాళ్ళు నాలుగు రెట్లు బాగా వ్యాపారం చేస్తున్నారా?

అంత తొందర పడొద్దు. ఒక రాత్రి బస చేసినా అంతర్జాతీయ పర్యాటకుడి కిందే లెక్క. జర్మనీ నుంచి కారులో స్పెయిన్ వెళ్తూ దారిలో ఫ్రాన్స్‌లో ఒక రాత్రి ఆగినవాడూ, రెండు వారాలు ఉన్నవాడూ అక్కడ ఒక్కొక్క తలే. అమెరికాకు మహాసముద్రం దాటి వచ్చేవాడు ఒక రాత్రికి రాడు. భూగోళమే తలసరి ఖర్చును పెంచేసింది. ఇంకో సంగతి, ఈ డబ్బు లెక్క సాధారణంగా దేశాల చెల్లింపుల ఖాతాలో (బయటి దేశాలతో జరిగే లావాదేవీల పట్టికలో) 'ప్రయాణం' అన్న పద్దు నుంచి వస్తుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ పద్దులో విదేశీ విద్యార్థుల ఫీజులు, వైద్యానికి వచ్చినవాళ్ళ ఖర్చులు కూడా ఉంటాయి. యూనివర్సిటీలకు పేరున్న దేశాల అంకెను చదివేటప్పుడు అందులో బీచ్ ఎంత, క్లాస్‌రూమ్ ఎంత అని అడగాలి. విమానం టికెట్ డబ్బేమో ఈ పద్దులోకి రానే రాదు, అది రవాణా కింద పడుతుంది.

పర్యాటకం సేవల ఎగుమతి అన్న మాట మొదట వింటే తిరకాసుగా ఉంటుంది. ఎగుమతి అంటే ఏదో బయటికి పోవాలి కదా! ఇక్కడ సరుకు కదలదు, కొనేవాడే వస్తాడు. విదేశీ డబ్బు లోపలికి వస్తుంది కాబట్టి ఖాతాలో అది ఎగుమతే. ఆ వచ్చిన డబ్బు లోపల నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. చిన్న ద్వీపంలోని రిసార్టు పళ్ళూ, మాంసమూ, ఫర్నిచరూ దిగుమతి చేసుకుని, లాభాన్ని విదేశీ యజమానికి పంపిస్తే, ఐఫోన్ కథే మళ్ళీ మొదలు. దీన్ని పట్టుకోవడానికి పర్యాటక ఉపగ్రహ ఖాతా అనే పద్ధతి ఉంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహంతో దీనికి సంబంధం లేదు. జాతీయ ఖాతాలకు పక్కనే ఉంచే అనుబంధ ఖాతా అని అర్థం. హోటల్లో ఎంత, రైల్లో ఎంత, హోటల్ ఖర్చులో పర్యాటకుడిది ఎంత, స్థానికుడిది ఎంత అని విడదీస్తారు. చాలా కష్టమైన పని, ఖర్చుతో కూడింది కూడా. అందుకే ర్యాంకుల జాబితాలకు ఉన్న మోజు దీనికి లేదు.

మరి ఎక్కువమంది రావడమే వద్దనుకునే దేశాన్ని ఎలా కొలవాలి? భూటాన్ విదేశీయుల దగ్గర రోజువారీ రుసుము వసూలు చేస్తుంది. 2022 సెప్టెంబరులో దాన్ని రాత్రికి 200 డాలర్లు చేసింది, ఏడాది తర్వాత 100కు తగ్గించింది. తలలు లెక్కపెట్టే జాబితాలో అది ఎప్పటికీ అట్టడుగునే ఉంటుంది. వెనిస్ 2024లో కొన్ని రోజుల్లో, బస చేయకుండా వచ్చిపోయే సందర్శకుల మీద 5 యూరోల రుసుము పెట్టింది. రద్దీ తగ్గించుకోవాలనుకునే ఊరికి, ఎక్కువమంది వచ్చారు కాబట్టి ఎక్కువ మార్కులు అంటే ఎలా?

సూచీ వంటకం

ఇన్ని చిక్కులున్నాయి కాబట్టే అన్నీ కలిపిన సూచీలు పుట్టాయి. వరల్డ్ ఎకనామిక్ ఫోరం పర్యాటక సూచీ 2007లో మొదలైంది. 2024 సంచికలో 119 దేశాలు, స్తంభాలు అని పిలిచే 17 విభాగాలు, వాటి కింద 102 సూచికలు, అంటే విడివిడి కొలతలు, ఉన్నాయి. వచ్చినవాళ్ళ లెక్క కన్నా, రావడానికి అనువైన పరిస్థితులు ఉన్నాయా అన్నదానికి ఇందులో ఎక్కువ చోటు. భద్రత, ఆరోగ్యం, రోడ్లు, విమానాలు, వీసాలు, ప్రకృతి, వారసత్వం, ధరలు, ఇలా సాగుతుంది పట్టిక. ఇన్ని రకాల కొలతల్ని ఒకే గాటన కట్టడానికి ప్రతిదాన్నీ 1 నుంచి 7 లోపు మార్కుగా మారుస్తారు. అందరికన్నా అడుగున ఉన్నవాడికి 1, పైన ఉన్నవాడికి 7, మిగతావాళ్ళు మధ్యలో.

ఇది ఎంత సున్నితమో చేత్తో వేసి చూస్తే తెలుస్తుంది. వంద మంది జనాభాకు హోటల్ గదులు లెక్కిస్తున్నాం అనుకుందాం. అందరిలో తక్కువ 0, ఎక్కువ 4, మన ఊహాదేశానికి 2. మధ్యలో ఉంది కాబట్టి మార్కు 4. ఇప్పుడు జాబితాలోకి కొత్తగా ఒక బుల్లి ద్వీపం చేరింది, అక్కడ జనం తక్కువ, గదులు ఎక్కువ, దాని అంకె 20. వెంటనే మన దేశం మార్కు 1.6కు జారుతుంది. ఒక్క గది కూడా తగ్గలేదు. ఇలాంటి విపరీతాలకు పైకప్పు వేసే పద్ధతులున్నాయి. ఆ కప్పు ఎంత ఎత్తులో వేయాలన్నది మళ్ళీ ఎవరో ఒకరు కూర్చుని తీసుకునే నిర్ణయమే.

ఇక బరువులు. మూడు ఊహాదేశాలు అ, ఇ, ఉ. ధర, రవాణా, ప్రకృతి అని మూడే అంశాలు. అ దేశానికి 6, 3, 4. ఇ దేశానికి 2, 7, 3. ఉ దేశానికి 4, 4, 6. మూడింటికీ సమాన బరువిస్తే సగటున ఉ 4.67తో ఒకటో స్థానం, అ 4.33తో రెండు, ఇ 4తో ఆఖరు. ఇప్పుడు రవాణా ముఖ్యమనుకుని దానికి రెట్టింపు బరువిద్దాం. ఇ 4.75, ఉ 4.5, అ 4. ఆఖరున ఉన్నవాడు మొదటికొచ్చాడు. రవాణాకు రెట్టింపు బరువివ్వడం తప్పా? తప్పని ఎవరు చెప్పగలరు? సమాన బరువివ్వడమూ ఒక అభిప్రాయమే, చూడటానికి నిష్పక్షపాతంగా కనిపిస్తుందంతే. వీసాకూ వానకూ ఒకే విలువ అని ఎవరూ తేల్చలేదు.

పైగా పై వరుసలో తేడాలు వెంట్రుకవాసి. 2024లో మొదటి స్థానంలో ఉన్న అమెరికా మార్కు 5.24, రెండో స్థానంలో స్పెయిన్‌ది 5.18, మూడో స్థానంలో జపాన్‌ది 5.09. ఏడు మార్కుల్లో ఆరు వందో వంతుల తేడా హెడ్‌లైన్లో 'నంబర్ వన్' అవుతుంది. మధ్య వరుసల్లో ఇంకా కిక్కిరిసి ఉంటాయి, చిన్న కదలికకే నాలుగైదు స్థానాలు మారిపోతాయి. ఈ జాబితాలు చదివేటప్పుడు నేను ముందు ర్యాంకును అరచేత్తో మూసేసి మార్కు చూస్తాను. సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

మరో అనుమానం కూడా ఉంది. 2024 జాబితాలో మొదటి 30 స్థానాల్లో 26 అధిక ఆదాయ దేశాలవే. మంచి రోడ్లు, మంచి ఆసుపత్రులు, మంచి ఇంటర్నెట్ ఉంటే మంచి మార్కులు. అవన్నీ డబ్బున్న దేశాల్లో ఎలాగూ ఉంటాయి. ధనిక దేశాలు పర్యాటకంలో ముందున్నాయని సూచీ కనిపెట్టిందా, లేక తలసరి ఆదాయాన్నే 102 ముక్కలుగా కోసి మళ్ళీ అతికించిందా? పేదదేశపు పర్యాటక మంత్రికి ఈ జాబితా చెప్పేది చివరికి 'ముందు ధనవంతులు కండి' అనే. ఒక్కో స్తంభం విడిగా చూసుకుంటే మాత్రం పనికొచ్చేది దొరుకుతుంది. వీసా నిబంధనలు సడలించడానికి ధనిక దేశమై ఉండనక్కర్లేదు.

కొన్ని సూచికలు గణాంకాలు కావు, అభిప్రాయాలు. కంపెనీల అధికారులకు ప్రశ్నలు పంపి, వాళ్ళ దేశంలో ఫలానాది ఎలా ఉందో మార్కులు వేయమంటారు. స్విట్జర్లాండ్‌లోని ఐఎండీ సంస్థ 1989 నుంచి ఇస్తున్న పోటీతత్వ ర్యాంకుల్లోనూ ఇలాంటి సర్వేకు దాదాపు మూడో వంతు బరువుంది. జవాబిచ్చేవాడు తన దేశాన్ని పొరుగు దేశంతో పోల్చడు, నిన్నటితో పోలుస్తాడు. రైలు ఐదు నిమిషాలు ఆలస్యమైతే చిరాకుపడే చోట ఉన్నవాడు వేసే 5కూ, రైలు వస్తే చాలనుకునే చోట ఉన్నవాడు వేసే 5కూ పొంతన లేదు.

ర్యాంకు కోసమే పని చేస్తే

కొలతకు పరువు అంటుకున్నాక ఏమవుతుందో ప్రపంచ బ్యాంకు చూసింది. వ్యాపారం ఎక్కడ సులువో చెప్పే దాని 'డూయింగ్ బిజినెస్' జాబితాలో 190 దేశాలుండేవి. ర్యాంకు పెరిగితే పెట్టుబడులు వస్తాయని ప్రభుత్వాలు నమ్మాయి. సూచీ ఏ నిబంధన చూస్తుందో దాన్నే సవరించడానికి ప్రత్యేక బృందాల్ని పెట్టుకున్న దేశాలున్నాయి. పరీక్షకు వచ్చే ప్రశ్నలే చదివినట్టు. నిజానికి కొన్నిచోట్ల దానివల్ల మేలు జరిగింది, పనికిరాని ఫారాలు పోయాయి.

తర్వాత లోపలి గణాంకాల్లోనే తేడాలు బయటపడ్డాయి. 2018 నివేదికలో చైనా ర్యాంకు 85కు పడాల్సింది, 78 దగ్గరే నిలిచేలా లెక్కలు మార్చారని బయటి న్యాయవాదుల సంస్థ విచారణలో తేలింది. 2020 నివేదికలో సౌదీ అరేబియా, యూఏఈ, అజర్‌బైజాన్ గణాంకాల మీదా ప్రశ్నలొచ్చాయి. 2021 సెప్టెంబరు 16న ప్రపంచ బ్యాంకు ఆ జాబితానే ఆపేసింది. ఏడు స్థానాల కోసం ఇంత పెద్ద గొడవా అనిపిస్తుంది. వ్యాసం మొదట్లో చెప్పిన 54, 38ల మధ్య ఉన్నవి పదహారు స్థానాలు. అవి ఏ ఒత్తిడీ లేకుండా, బహిరంగంగా, కేవలం పద్ధతి మార్పుతో కదిలాయి.

ఆపేసిన జాబితా స్థానంలో ప్రపంచ బ్యాంకు 2024 అక్టోబరులో 'బీ-రెడీ' అనే కొత్త నివేదిక తెచ్చింది. మొదటి విడతలో 50 దేశాలు. ఇందులో అన్నీ కలిపిన ర్యాంకు లేదు. నిబంధనలు ఎలా ఉన్నాయి, ప్రభుత్వ సేవలు ఎలా ఉన్నాయి, ఆచరణలో పని ఎంత సాఫీగా జరుగుతోంది అని మూడు మార్కులు వేసి విడివిడిగానే వదిలేశారు. మొదటిదాంట్లో హంగరీ ముందుంది, రెండోదాంట్లో ఎస్తోనియా, మూడోదాంట్లో సింగపూర్.